బయోచార్‌తో తాగే నీళ్ళ వడపోత: తరచుగా అడిగే ప్రశ్నలు

కొబ్బరి చిప్పలు గానీ పత్తి కట్టె గానీ వెదురు గానీ కాల్చి బొగ్గు చేసి దాంతో తాగే నీళ్ళు శుభ్రం చేసుకోవచ్చని వీడియోలు చూసి చాలామంది అడుగుతున్నారు. వీడియోల్లో సగం నిజం ఉంటుంది. మిగతా సగం కింద ఉంది. అన్నిటికంటే ముందు ఒక్క మాట: మీ నీళ్ళలో ఏముందో తెలియకుండా బొగ్గు కాల్చడం మొదలుపెట్టొద్దు. ఎందుకో మూడో ప్రశ్న దగ్గర తెలుస్తుంది.

బయోచార్ అంటే మన పొయ్యిలో మిగిలే బొగ్గేనా?

పుట్టుక చూస్తే బొగ్గే. మొక్క నుంచి వచ్చిన దేన్నైనా, కట్టె గానీ చిప్ప గానీ మొక్కజొన్న బెండు గానీ, గాలి సరిగా అందకుండా గట్టిగా వేడి చేస్తే బూడిద అవ్వదు, బొగ్గు అవుతుంది. తేడా అంతా వేడిలో ఉంది. ఇస్త్రీకీ పొయ్యికీ అమ్మే బొగ్గు మండితే చాలు, అందుకని బట్టీవాళ్ళు 400 డిగ్రీల దగ్గరే ఆపేసినా వాళ్ళకి నష్టం లేదు, పైగా బరువు ఎక్కువ మిగులుతుంది కాబట్టి లాభమే. నీళ్ళకి పనికొచ్చే బొగ్గు కనీసం 600 డిగ్రీలు దాటాలి, 700 పైన కాలితే ఇంకా మంచిది. అంత వేడికి లోపలున్న తారు, నూనెలు ఆవిరై పోయి సన్నసన్న రంధ్రాలు తెరుచుకుంటాయి.

కాబట్టి బజార్లో ఇస్త్రీ బొగ్గు సంచి కొనుక్కొచ్చి ఫిల్టర్లో పోస్తే కుదరదు. ధూపం వేసుకోవడానికి అమ్మే గుండ్రటి బొగ్గు బిళ్ళలు అసలే వద్దు, తొందరగా అంటుకోవడానికి వాటిలో రసాయనాలు కలుపుతారు. సింగరేణి బొగ్గు పనికొస్తుందా అని కూడా అడిగారు. రాదు. గనుల్లో తీసే రాక్షసి బొగ్గులో గంధకం, లోహాలు ఉంటాయి, ఇళ్ళలో దాన్ని నీళ్ళ దగ్గరికి కూడా రానివ్వకండి.

బొగ్గు నీళ్ళలోంచి మలినాన్ని ఎలా లాగుతుంది?

రంధ్రాలు చిన్నవి కాబట్టి మురికి వాటిలో ఇరుక్కుంటుందని చాలామంది అనుకుంటారు. జరిగేది వేరు. బాగా కాలిన బొగ్గు ఒక్క గ్రాములో ఉన్న రంధ్రాల గోడలన్నీ విప్పి పరిస్తే మూడు వందల చదరపు మీటర్లు దాటొచ్చు, అంటే దాదాపు నాలుగు బ్యాడ్మింటన్ కోర్టులు. నీళ్ళంటే అంతగా ఇష్టపడని రసాయనాలు, ముఖ్యంగా కార్బన్‌తో తయారైనవి, ఆ గోడల దగ్గరికి రాగానే నీళ్ళని వదిలి గోడకి అంటుకుంటాయి. పురుగుమందు తాగినవాళ్ళకి ఆసుపత్రిలో కొన్నిసార్లు నల్లటి బొగ్గు ద్రావణం పట్టిస్తారు కదా, అక్కడ జరిగేదీ ఇదే. (అది డాక్టర్ల పని, ఇంట్లో ప్రయోగం చెయ్యకండి.)

ఇది కొత్తగా కనిపెట్టిన సంగతేమీ కాదు. 1785లోనే లోవిట్జ్ అనే రసాయన శాస్త్రవేత్త రష్యాలో పనిచేస్తూ కట్టె బొగ్గు ద్రావణాల్లోని రంగును పీల్చేస్తుందని చూపించాడు. మొదటి ప్రపంచ యుద్ధంలో విషవాయువుల నుంచి కాపాడే ముసుగుల్లో కొబ్బరి చిప్పల బొగ్గు వాడారు.

ఏమేం తీస్తుంది, ఏమేం తీయదు? సూటిగా చెప్పండి.

బాగా తీసేవి: బురద వాసన, పాచి వాసన, ఆకులు కుళ్ళి వచ్చే పసుపు రంగు కొంతవరకు, క్లోరిన్ వాసన, చాలా రకాల పురుగుమందులు, కలుపుమందులు, రంగుల ఫ్యాక్టరీల రసాయనాలు, కొన్ని మందుల అవశేషాలు.

తీయనివి: ఫ్లోరైడ్, నైట్రేట్, ఉప్పదనం, కాఠిన్యం. అంటే టీడీఎస్ (నీళ్ళలో కరిగిన లవణాల మొత్తం) మీటర్లో కనబడే అంకెని బొగ్గు తగ్గించదు. కొత్త బొగ్గయితే బూడిద కరిగి ఆ అంకె మొదట్లో కాస్త పెరుగుతుంది కూడా. సూక్ష్మజీవుల విషయంలో దాన్ని అస్సలు నమ్మకూడదు.

మధ్యలో వేలాడేవి: సీసం, కాడ్మియం లాంటి లోహాలు. ఇవి నీళ్ళలో ధన విద్యుదావేశంతో తిరుగుతుంటాయి, బొగ్గు ఉపరితలం మామూలుగా రుణావేశంతో ఉంటుంది, కాబట్టి కొంత పట్టుకుంటుంది. ఇక్కడో చిక్కుంది. లోహాలని బాగా పట్టేది తక్కువ వేడిలో కాల్చిన బొగ్గు, ఎందుకంటే ఆమ్లజని ఉన్న గుంపులు దానిమీద ఇంకా మిగిలుంటాయి. పురుగుమందులని బాగా పట్టేది ఎక్కువ వేడిలో కాల్చింది. ఒకే బొగ్గుతో రెండూ అని ఎవరైనా అమ్మితే ఏ వేడిలో కాల్చారో అడగండి.

ఫ్లోరైడ్, నైట్రేట్, ఆర్సెనిక్ నీళ్ళలో ఎక్కువగా రుణావేశంతో ఉంటాయి. బొగ్గూ రుణమే. రెండూ ఒకదాన్నొకటి తోసుకుంటాయి. బెంగాల్లోని ఆర్సెనిక్ నీళ్ళ కోసం ఇనుము పూత పూసిన బొగ్గు మీద పరిశోధకులు పని చేసింది అందుకే, ఉత్త బొగ్గుకి అది చేతకాదు.

మాది నల్గొండ. ఫ్లోరైడ్‌కి ఇది పనిచేస్తుందని ఒకాయన ఫిల్టర్ అమ్మాడు. నిజమేనా?

మొక్కల బొగ్గు మాత్రమే ఉన్న ఫిల్టరైతే నిజం కాదు. ఫ్లోరైడ్‌ని పట్టేది ఎముకల బొగ్గు. ఎముకలో ఉండే కాల్షియం, ఫాస్ఫేటు ఖనిజం ఫ్లోరైడ్‌ని తనలో కలుపుకుంటుంది, మొక్కల బొగ్గులో ఆ ఖనిజం ఉండదు. కెన్యా, టాంజానియాల్లో ఎముకల బొగ్గు ఫిల్టర్లు వాడారు. మన దగ్గర మాత్రం ఎముకల మీదుగా వచ్చిన నీళ్ళు తాగమంటే ఎంతమంది ఒప్పుకుంటారో మీరే చెప్పండి. వాటికి బదులు యాక్టివేటెడ్ అల్యూమినా (ఫ్లోరైడ్‌ని పట్టుకునే తెల్లటి గుళికలు) ఉంది, ఆర్వో ఉంది, ఇంకా మీ జిల్లా పేరే పెట్టుకున్న నల్గొండ టెక్నిక్ ఉంది. నాగపూర్‌లోని నీరి సంస్థ రూపొందించిన ఆ పద్ధతిలో పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ కలిపి ఫ్లోరైడ్‌ని అడుక్కి దింపుతారు.

మన ప్రాంతంలో ఫ్లోరైడ్ బాధ ఈనాటిది కాదు. 1937లోనే అప్పటి నెల్లూరు జిల్లాలో ఫ్లోరోసిస్‌ని గుర్తించి రాశారు. తాగే నీళ్ళలో లీటరుకి 1 మిల్లీగ్రాము లోపు ఉండాలని మన ఐఎస్ 10500 ప్రమాణం చెబుతుంది, వేరే నీళ్ళు దొరకనప్పుడు 1.5 దాకా ఒప్పుకుంటుంది. మీ ఇంటికి మిషన్ భగీరథ నల్లా నీళ్ళు వస్తుంటే అవి నది నుంచీ రిజర్వాయర్ నుంచీ వచ్చేవి, బోరు నీళ్ళ బదులు అవి తాగడమే పెద్ద మందు. ఆయన దగ్గర కొన్న ఫిల్టర్ వెనక్కిచ్చేయండి, తీసుకోనంటే బోరు నీళ్ళు ఫిల్టర్‌కి ముందు ఒక సీసా, తర్వాత ఒక సీసా పట్టి ల్యాబ్‌లో ఫ్లోరైడ్ పరీక్ష చేయించి ఆ కాగితం చూపించండి.

మరి మన దగ్గర ఇది ఎవరికి పనికొస్తుంది?

నన్నడిగితే మొదట గోదావరి డెల్టా వాళ్ళకి. కోనసీమ, భీమవరం, నరసాపురం వైపు సముద్రం దగ్గరయ్యే కొద్దీ భూగర్భ జలం ఉప్పన. అందుకే అక్కడ ధవళేశ్వరం నుంచి వచ్చే కాలవల మీదా, కాలవ నీళ్ళతో నింపుకునే మంచినీళ్ళ చెరువుల మీదా ఆధారపడతారు. ఎండాకాలంలో కాలవలు కట్టేస్తారు. కట్టే ముందు చెరువు నింపుకోవాలి, మళ్ళీ వదిలేదాకా ఆ నీళ్ళే గతి. మే నెలకొచ్చేసరికి చెరువు ఆకుపచ్చగా తిరిగి, పాచి పెరిగి, కుళాయి తిప్పగానే మట్టి వాసన. ఆ వాసనకి కారణం కొన్ని పాచి జాతులూ సూక్ష్మజీవులూ వదిలే జియోస్మిన్ లాంటి పదార్థాలు, అవి లీటరుకి కొద్ది నానోగ్రాములున్నా మన ముక్కు పసిగట్టేస్తుంది. మరగబెడితే అంత సులువుగా పోదు. పటిక వేస్తే పోదు. బొగ్గుకి మాత్రం బాగా అంటుకుంటుంది.

ఇంకో సంగతి. అలాంటి రంగు నీళ్ళలో నేరుగా బ్లీచింగ్ కలిపితే ఆకుల, పాచి అవశేషాలతో క్లోరిన్ కలిసి ట్రైహాలోమీథేన్లు అనే అవాంఛిత రసాయనాలు తయారవుతాయి. ముందే ఇసుకతో, బొగ్గుతో ఆ అవశేషాలు కొంత తగ్గించి ఆ తర్వాత క్లోరిన్ వేస్తే అవి తక్కువ పుడతాయి, క్లోరిన్ కూడా తక్కువ పడుతుంది.

పైగా అక్కడ ముడిసరుకు కోసం వెతుక్కోనక్కర్లేదు. ఫిల్టర్ బొగ్గుకి ప్రపంచమంతా మెచ్చే కొబ్బరి చిప్ప కోనసీమలో దొడ్లో పడి ఉంటుంది. అంబాజీపేట చుట్టుపక్కల చిప్పలు పొయ్యిలో మండించేస్తుంటే చూస్తూ ఊరుకోవడం నాకు కష్టంగానే ఉంటుంది.

అయితే అక్కడే మీ చెరువులోకి ఉప్పు నీళ్ళు ఊరుతుంటే, రొయ్యల చెరువుల పక్కన ఇది మామూలే, బొగ్గు ఆ ఉప్పదనాన్ని ఏమీ చెయ్యలేదు.

పొలాల మధ్య బావి మాది. పురుగుమందులు దిగుతాయని భయం. బొగ్గు పెట్టుకుంటే టెన్షన్ పోతుందా?

కొంత పోతుంది, పూర్తిగా కాదు. అన్ని మందులూ ఒకే తీరుగా ఉండవు. క్లోర్‌పైరిఫాస్, 2011లో సుప్రీంకోర్టు నిషేధించిన ఎండోసల్ఫాన్ లాంటివి నీళ్ళలో సరిగా కరగవు, బొగ్గుకి గట్టిగా అంటుకుంటాయి. మొక్కజొన్నలో విరివిగా కొట్టే అట్రజిన్ కూడా బాగానే అంటుకుంటుంది. మోనోక్రోటోఫాస్, గ్లైఫోసేట్ నీళ్ళలో ఇట్టే కరిగిపోయే రకాలు, వాటిని పట్టుకోవడం బొగ్గుకి కష్టం. మీ చుట్టూ పొలాల్లో ఏం కొడుతున్నారో రైతులని అడిగితే ల్యాబ్ కంటే ముందే సగం సంగతి తెలిసిపోతుంది.

బావి గట్టు మీద స్ప్రేయర్ కడగడం, డబ్బాలు అక్కడే పారేయడం ఆపకుండా ఫిల్టర్ పెట్టుకుంటే మాత్రం ఏ బొగ్గూ కాయదు.

పటాన్‌చెరు దగ్గర ఉంటాం, ఫ్యాక్టరీల నీళ్ళు బోర్లలోకి వస్తాయంటారు.

అక్కడ సొంత ప్రయోగాలు వద్దు. 2007లో స్వీడన్ పరిశోధకులు ప్రచురించిన అధ్యయనంలో పటాన్‌చెరులో మందుల ఫ్యాక్టరీల ఉమ్మడి శుద్ధి ప్లాంటు నుంచి బయటికొచ్చే నీళ్ళలో సిప్రోఫ్లాక్ససిన్ అనే యాంటీబయాటిక్ లీటరుకి 31 మిల్లీగ్రాముల దాకా ఉందని తేలింది. అది కాలవలోకి వదిలే నీళ్ళ సంగతి, మీ బోరుది కాదు. అయినా ద్రావకాలు, లోహాలు, లవణాలు, మందులు అన్నీ కలిసే అవకాశమున్న చోట ఇంట్లో కాల్చిన బొగ్గుని నమ్ముకుని ఆ నీళ్ళు తాగడం తెలివైన పని కాదు. సరఫరా నీళ్ళు తాగండి, బోరు నీళ్ళు తాగడానికి వాడొద్దు.

ఏ మొక్క బొగ్గు మంచిది?

కొబ్బరి చిప్ప మొదటిది. గట్టిగా ఉంటుంది, బూడిద తక్కువ, నీళ్ళలో నలిగి పొడి కాదు. వెదురు కూడా బాగుంటుంది. సర్కారు తుమ్మ ఊరూరా పెరిగిపోయి ఉంది, గట్టి కట్టె, నరికినా ఎవరూ బాధపడరు, కాబట్టి రాయలసీమ, తెలంగాణ వాళ్ళకి అది చవక. పత్తి కట్టె ఫర్వాలేదు, కోత అయ్యాక పొలంలో తగలబెట్టే బదులు ఇలా వాడొచ్చు, కాకపోతే బొగ్గు కాస్త మెత్తన. వేరుశనగ పొట్టు బొగ్గు తేలిగ్గా నలిగిపోయి ఫిల్టర్ని మూసేస్తుంది.

వరి ఊక ఎక్కడ చూసినా ఉంటుంది గదా అంటారు. ఊకలో దాదాపు అయిదో వంతు బూడిదే, అందులో ఎక్కువ భాగం సిలికా. అంటే బరువుకి తగ్గ కార్బన్ రాదు. మిల్లుల దగ్గర ఊరికే దొరికే నల్లటి ఊక బూడిద అయితే ఏ వేడిలో ఎలా కాలిందో ఎవరికీ తెలియదు, తాగే నీళ్ళకి దాన్ని నేను వాడను.

రంగు వేసిన చెక్క, పాత ప్లైవుడ్, చెదలు పట్టకుండా మందు పెట్టిన కలప ముట్టుకోవద్దు. వాటిలోని లోహాలు, జిగురు రసాయనాలు బొగ్గులోనే మిగిలి మీ నీళ్ళలోకి దిగుతాయి.

ఇంటి దగ్గర తయారు చేసుకోవచ్చా? ఎలా?

చేసుకోవచ్చు. గొయ్యి తవ్వి మట్టి కప్పి కాల్చే పాత పద్ధతిలో వేడి ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువ, పొగ విపరీతం, తారు బొగ్గులోనే ఉండిపోతుంది. దానికంటే 200 లీటర్ల ఇనుప డ్రమ్ముతో పైనుంచి అంటించే పద్ధతి మేలు. ఉత్తర థాయ్‌లాండ్ పల్లెల్లో నీళ్ళ ఫిల్టర్ల కోసం ఈ తరహా డ్రమ్ములే వాడారు.

డ్రమ్ము అడుగున గాలి కోసం రంధ్రాలు పెడతారు. పై అంచు దగ్గర ఇంకొంచెం గాలి చొరబడే సందు ఉంచి దానిమీద పొగగొట్టం నిలబెడతారు. బాగా ఎండిన చిప్పలు, పీచు తీసేసి అరచేయంత ముక్కలుగా పగలగొట్టి నింపి, అడుగున కాకుండా పైన మంట పెట్టాలి. మంట మెల్లగా కిందికి దిగుతుంది, కింది నుంచి లేచే గ్యాస్ పైన మండిపోతుంది, అందుకే సరిగా కుదిరితే పొగ చాలా తక్కువ. మంట పసుపు రంగులో ఎగసినంత సేపూ చిప్పల్లోని గ్యాస్ మండుతోందని లెక్క. అది తగ్గిపోయి నీలం మంటలోకి మారుతోందంటే ఇక బొగ్గే కాలిపోతోంది. అప్పుడు ఆగకుండా నీళ్ళు కొట్టి ఆర్పేయాలి, లేదా గాలి దూరకుండా మూతలు బిగించి, రంధ్రాలు మట్టితో పూడ్చి వదిలేయాలి. ఆశపడి ఇంకాసేపు కాలనిస్తే మిగిలేది బూడిద. ఎండు చిప్పల బరువులో నాలుగో వంతు బొగ్గు చేతికొస్తే సంతోషించాలి.

ఆరుబయటే చెయ్యండి, షెడ్డులో వద్దు. కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు, ప్రాణం తీస్తుంది. ఆర్పేటప్పుడు లేచే ఆవిరి మొహం కాలుస్తుంది, పిల్లల్ని దూరంగా ఉంచండి. పురుగుమందులో రసాయనాలో ఉన్న డ్రమ్ము ఎంత చవకగా వచ్చినా వద్దు.

బొగ్గు సరిగా కాలిందని ఎలా తెలుస్తుంది?

చేతికి రుద్దుకోండి. ఉత్త నీళ్ళతో కడిగితే పోతే మంచి బొగ్గు. జిడ్డుగా అంటుకుని సబ్బు పెడితే గానీ వదలకపోతే తారు మిగిలుంది. విరిస్తే గాజులా టక్కున విరగాలి, లోపల గోధుమ రంగు కనబడకూడదు. పొగ వాసన, తారు వాసన వచ్చే బొగ్గుని మొక్కలకి వేసుకోండి గానీ నీళ్ళకి వద్దు, ఆ తారులో పీఏహెచ్‌లు అనే రసాయనాలుంటాయి, వాటిలో కొన్ని క్యాన్సర్ కారకాలు. ఈ పరీక్షలు పాసైనంత మాత్రాన ల్యాబ్ సర్టిఫికెట్ వచ్చినట్టు కాదు, చెత్త బొగ్గుని పక్కన పెట్టడానికి మాత్రం సరిపోతాయి.

ఎంత బొగ్గు కావాలి? నీళ్ళు ఎంత నెమ్మదిగా పోవాలి?

అందరూ తప్పు చేసేది ఇక్కడే. మలినం రంధ్రాల్లోకి చేరడానికి టైం పడుతుంది. సర్రున పారే నీళ్ళు బొగ్గుని తడిపి వెళ్ళిపోతాయి, అంతే.

లెక్క తేలికే: బొగ్గు ఆక్రమించిన లీటర్లని, నిమిషానికి ఎన్ని లీటర్లు వదులుతున్నారో దాంతో భాగించండి. ఎన్ని నిమిషాలో వస్తుంది. పెద్ద నీటి శుద్ధి కేంద్రాల్లో యాక్టివేటెడ్ కార్బన్‌కే (ఫ్యాక్టరీలో ఇంకా ఎక్కువ రంధ్రాలు తెరిపించిన బొగ్గు) 10 నుంచి 20 నిమిషాలు ఇస్తారు. మన బొగ్గు అంత బలమైనది కాదు కాబట్టి అరగంట పెట్టుకోండి. అయిదుగురున్న ఇంట్లో తాగడానికీ వండటానికీ రోజుకి 20 లీటర్లు అనుకుందాం. 15 లీటర్ల బొగ్గు ఉన్న బకెట్లోంచి నిమిషానికి అర లీటరు వదిలితే 15ని అరతో భాగిస్తే 30 నిమిషాలు. 20 లీటర్లు నిండటానికి 40 నిమిషాలు. అది చాలు గదా, కుళాయి పూర్తిగా తిప్పి నింపేసుకోవాలన్న తొందర ఎందుకు?

బొగ్గుని దంచి జల్లించి 1 నుంచి 3 మిల్లీమీటర్ల మధ్య ఉన్న పలుకులే వాడండి. మెత్తటి పొడి ఫిల్టర్ని మూసేస్తుంది, పెద్ద ముక్కల మధ్య నుంచి నీళ్ళు జారిపోతాయి. దంచేటప్పుడు మూతికి గుడ్డ కట్టుకోండి, కాస్త తడిపి దంచితే దుమ్ము లేవదు. బకెట్ అడుగున చిన్న గులకరాళ్ళు వేసి పైన బొగ్గు పోసి, నీళ్ళు ఎప్పుడూ బొగ్గుకి పైనే ఉండేలా కుళాయి పైపుని ఎత్తుకి వంచి పెడితే మధ్యలో గాలి చేరదు.

ఇసుక, బొగ్గు, క్లోరిన్: ఏది ముందు?

ఇసుక ముందు, బొగ్గు తర్వాత, క్లోరిన్ చివర. ఈ వరుస మార్చొద్దు.

ఇసుక బురదనీ, పాచినీ ఆపుతుంది. నెమ్మదిగా నడిచే ఇసుక ఫిల్టర్ పై పొరలో కొద్ది వారాలకి పుట్టే జీవపొర చాలావరకు సూక్ష్మజీవుల్ని కూడా తగ్గిస్తుంది. బురద నీళ్ళు నేరుగా బొగ్గు మీద పోస్తే రంధ్రాల మూతులు మూసుకుపోయి లోపలున్న చోటంతా వృథా అవుతుంది. మరీ కలకగా ఉంటే మొదట బిందెలో పటిక తిప్పడమో చిల్లగింజ అరగదియ్యడమో చేసి తేర్చుకోండి, మన అమ్మమ్మలు చేసిన పనే.

క్లోరిన్ ముందు వేస్తే బొగ్గు దాన్ని మొత్తం తినేస్తుంది, ఆ తర్వాత నీళ్ళకి కాపలా ఉండదు. పైగా బొగ్గు మీద సూక్ష్మజీవులు హాయిగా కాపురం పెడతాయి. అందుకే బొగ్గు దాటి వచ్చిన నీళ్ళలో క్లోరిన్ మాత్ర ప్యాకెట్ మీద రాసినంత వేసి అరగంట ఆగి తాగండి, లేదా మరగబెట్టుకోండి. ఎవరైనా ఈ చివరి అడుగు అక్కర్లేదు అంటే వాళ్ళ మాట వినకండి.

బళ్ళో చెప్పిన మూడు కుండల ఫిల్టర్ సరిపోదా?

పిల్లలకి సూత్రం చూపించడానికి బాగుంటుంది. కుండలో పిడికెడు బొగ్గు, దానిమీంచి నిమిషంలో జారిపోయే నీళ్ళు: పై లెక్క వేసి చూడండి, ఎన్ని సెకన్లు వస్తాయో.

మొదట్లో నల్ల నీళ్ళు వస్తున్నాయి, చెయ్యి జారుడుగా ఉంది. పాడైందా?

లేదు. నలుపు పొడి, జారుడు బూడిద. బొగ్గుని ఫిల్టర్లో పోయకముందే నీళ్ళు తేటగా వచ్చేదాకా కడగాలి, పోశాక కూడా మొదటి కొన్ని బకెట్ల నీళ్ళు మొక్కలకి పొయ్యాలి. పీహెచ్ పట్టీ ముంచి చూస్తే 8.5 లోపు రావాలి. దాటుతుంటే ఇంకా కడగండి.

ఎప్పుడు మార్చాలి?

నాకు ఎక్కువ భయం కలిగించే ప్రశ్న ఇది, ఎందుకంటే బొగ్గు నిండిపోయిందని కంటికి కనబడదు. నీళ్ళు తేటగానే వస్తుంటాయి, రుచి బాగానే ఉంటుంది, పురుగుమందు మాత్రం మెల్లగా దాటి వచ్చేస్తుంటుంది.

కొంతమంది క్లోరిన్ నీళ్ళు పోసి, పంచాయతీ వాళ్ళ దగ్గరుండే క్లోరోస్కోప్‌తో బయటికి క్లోరిన్ వస్తోందా అని చూస్తారు. అది ఒక వైపే నిజం. క్లోరిన్ దాటి వస్తే బొగ్గు కచ్చితంగా పోయినట్టే. దాటి రాకపోతే బాగున్నట్టు కాదు, ఎందుకంటే పురుగుమందుల కోసం చోటు నిండిపోయాక కూడా బొగ్గు చాలా కాలం క్లోరిన్‌ని విరిచేస్తూనే ఉంటుంది.

నా సలహా ఆరు నెలలకోసారి. రోజుకి 20 లీటర్ల లెక్కన ఆరు నెలలకి 3,600 లీటర్లు, అంటే 15 లీటర్ల బొగ్గుకి 240 రెట్లు. శుద్ధి కేంద్రాల్లోని కార్బన్ వేల రెట్లు మోస్తుంది, కానీ మనది ఇంటి బొగ్గు, చెరువు నీళ్ళ రంగు కూడా చోటు తినేస్తుంది, కాబట్టి ముందే మార్చెయ్యడం మంచిది. మట్టి వాసన మళ్ళీ తగిలిందంటే ఆరు నెలలు కూడా ఆగకండి.

ఎండబెట్టి మళ్ళీ వాడుకోవచ్చా?

రాదు. ఎండకి నీళ్ళు ఆరతాయి, అంటుకున్న రసాయనం కదలదు. వేడినీళ్ళతో కడిగినా అంతే. ఫ్యాక్టరీల్లో వాడిన కార్బన్‌ని 800 డిగ్రీల పైన, పొగని కూడా శుద్ధి చేసే కొలిమిలో బాగుచేస్తారు. ఇంటి పొయ్యి మీద అది కుదరదు, లేచే పొగ మీరే పీలుస్తారు.

ఇంట్లో ఆర్వో ఉంది. ఇదెందుకు?

అక్కర్లేదు. చాలా ఆర్వో మెషిన్లలో కార్బన్ కార్ట్రిడ్జ్ ఒకటి ఉండనే ఉంటుంది, తరచుగా కొబ్బరి చిప్పలదే. మీరు అడగాల్సిన ప్రశ్న వేరే ఉంది: మీ నీళ్ళకి ఆర్వో కావాలా? టీడీఎస్ 500 లోపు ఉన్న చోట ఆర్వో వాడకాన్ని ఆపించమని 2019లో జాతీయ హరిత ట్రిబ్యునల్ చెప్పింది, ఎందుకంటే ఒక బిందె మంచినీళ్ళకి రెండు మూడు బిందెలు మోరీలోకి పోతాయి. కాలవ నీళ్ళు వాడేవాళ్ళకి సాధారణంగా ఇసుక, కార్బన్, క్లోరిన్ సరిపోతాయి. ఉప్పు ఎక్కువున్న బోరు నీళ్ళకి ఆర్వో ఉండాల్సిందే, ఫ్లోరైడ్‌కి ఆర్వో గానీ పైన చెప్పిన వేరే పద్ధతులు గానీ కావాలి.

అంత శ్రమ ఎందుకు, బజార్లో యాక్టివేటెడ్ కార్బన్ కొనుక్కుంటే పోదా?

దొరికితే, డబ్బు ఉంటే, కొనుక్కోండి. నేను వద్దనను. ఆవిరితో 800 నుంచి 1000 డిగ్రీల దగ్గర తయారయ్యే ఆ కార్బన్ ఇంటి బొగ్గు కంటే బలమైనది, ఒకేలా ఉంటుంది. కొనేటప్పుడు అయోడిన్ నంబర్ (కార్బన్ ఎంత పీల్చగలదో చెప్పే అంకె) అడగండి, 900 పైన ఉంటే మంచిది. సొంత బొగ్గు ఎవరికంటే, చిప్పలో తుమ్మో ఊరికే దొరికి, పదీ ఇరవై ఇళ్ళకి కలిపి చెయ్యాలనుకుని, ఆరు నెలలకోసారి మార్చే ఓపిక ఉన్నవాళ్ళకి. ఒక్క ఇంటికోసం డ్రమ్ము వెల్డింగ్ చేయించడం లెక్క ప్రకారం గిట్టదు.

ఉద్దానం కిడ్నీ జబ్బుకి ఇది పరిష్కారమా?

ఆ జబ్బుకి అసలు కారణం ఏమిటో ఏళ్ళ తరబడి పరిశోధించినా ఇంకా తేలలేదు. కారణమే తేలని జబ్బుకి ఫలానా ఫిల్టర్ మందని అమ్మేవాళ్ళ మాట నమ్మొద్దు. శుద్ధి చేసిన వంశధార నీళ్ళు పైపుల్లో వచ్చే ఊళ్ళో అవే తాగండి.

నీళ్ళు ఎక్కడ పరీక్ష చేయించాలి?

గ్రామీణ నీటి సరఫరా విభాగానికి జిల్లాల్లో ల్యాబులున్నాయి. ఫ్లోరైడ్, నైట్రేట్, టీడీఎస్, ఇనుము, బ్యాక్టీరియా అక్కడ చూస్తారు. చాలా పంచాయతీల్లో ఫీల్డ్ టెస్ట్ కిట్లు కూడా ఉన్నాయి, అడిగితే తీస్తారు. పురుగుమందుల పరీక్ష వేరు, దానికి పెద్ద యంత్రాలున్న ల్యాబుకి వెళ్ళాలి, ఖర్చు ఎక్కువ. అందుకే ముందు చవక పరీక్షలు చేయించండి. వాటిలోనే ఫ్లోరైడో నైట్రేటో ఎక్కువగా తేలితే బొగ్గు సంగతి అక్కడితో వదిలేయొచ్చు.

వాడేసిన బొగ్గు ఏం చెయ్యాలి?

చెరువు వాసన కోసం వాడినదైతే పెంట కుప్పలో కలిపి పొలానికి వేసుకోండి. పురుగుమందుల భయంతో వాడినదైతే కూరగాయల మడికి కాకుండా టేకు, కొబ్బరి చెట్ల మొదట్లో పూడ్చండి, పొయ్యిలో మాత్రం కాల్చొద్దు. లోహాలున్న నీళ్ళకి వాడిన బొగ్గు ఏ మట్టిలోనూ కలపకూడదు, సంచిలో మూటగట్టి పక్కన పెట్టి, హానికర వ్యర్థాలు తీసుకునే చోటు ఎక్కడుందో కాలుష్య నియంత్రణ మండలి వాళ్ళని అడగండి.